మందలో కలిసిన మబ్బు

కోర్టు కిటికీ మీద మబ్బు నీడ పడితే వాదన ఆగిపోయే రోజులవి.

సర్కారు వకీలు రామకోటి మాట మధ్యలో ఆపి కిటికీ వైపు తిరిగాడు. బంట్రోతు తిరిగాడు. బోనులో ఉన్న సాక్షి మెడ సాచాడు. జడ్జి తస్లీమ్ గారు కూడా కళ్ళద్దాలు పైకి నెట్టి, ఏమీ ఎరగనట్టు ఒక చూపు అటు పారేశారు. ఎవరిదా మబ్బు? ఎటు పోతోంది? మన వైపేనా? దాని చుట్టూ తుమ్మెదలు గిరగిరా తిరుగుతున్నాయి. కింద రోడ్డు మీద కాపరి బండి దాని నీడలోనే నిదానంగా సాగుతోంది. మబ్బు దాటిపోయాక అందరూ నిట్టూర్చి మళ్ళీ ఎండలో పడ్డారు.

తలెత్తనివాడు ఒక్క మద్దిలేటి వకీలే. ఆయన పలక మీద అర్జీ రాసుకుంటున్నాడు. ఈ కేసు వదిలి పోవడానికి అనుమతి కోరుతూ ఆయన పెడుతున్న మూడో అర్జీ అది.

ఇరవై రెండో శతాబ్దపు గడప మీదున్న ఆ కాలానికి వానను మనిషి తన చేతుల్లోకి తీసుకుని చాలా ఏళ్ళయింది. సముద్రం గట్టున గాలిలోకి ఉప్పు రేణువులు చల్లి, తేమను వాటి చుట్టూ పోగుచేస్తారు. అలా పోగైన మబ్బును తుమ్మెదలనే బుల్లి డ్రోన్లు వేలకు వేలు చుట్టుముట్టి విద్యుత్ దడి కడతాయి. దడి లోపలి నీటి బొట్లన్నిటికీ ఒకే జాతి విద్యుదావేశం ఎక్కిస్తే అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి గాని కలవవు. కలవకపోతే బరువెక్కవు, బరువెక్కకపోతే కురవవు. ఎక్కడ ఆవేశం తీసేస్తే అక్కడ వాన.

సూత్రం ఇంత తేలిక. తోలుకు రావడమే కష్టం. మబ్బుకు కొండగాలి పడదు, బండనేల సెగ పడదు. బెదిరితే గొర్రెల్లాగే అంతా ఒక మూలకు తోసుకుంటుంది. అందుకే ఆ పని తిరిగి తిరిగి గొర్రెలు కాసిన వంశాల వాళ్ళకే వచ్చి చేరింది. గొర్రెలు పోయాయి, కర్ర మిగిలింది. ఆ కర్ర పిడిలో ఇప్పుడు తుమ్మెదలకు ఆజ్ఞలిచ్చే యంత్రం ఉంటుంది. సముద్రం నుంచి నల్లమల మీదుగా ఈ మెట్ట పొలాల దాకా మబ్బును తోలుకొచ్చి, కొన్న ఊరికి అప్పజెప్పడం కాపరి బాధ్యత.

నీళ్ళున్న చోట దొంగతనం ఉండనే ఉంటుంది. దారిలో మబ్బుల్ని మళ్ళించుకోవడం, సగం దించుకోవడం మొదలయ్యాక డాక్టర్ కృపావరం అనే ఆమె మబ్బుముద్ర కనిపెట్టింది. కంటికి కనిపించని గాజు నలుసులో కృత్రిమంగా అల్లిన డీఎన్ఏ పోగు ఒకటి దాచిపెడతారు. ఒక్కో రైతు సంఘానికి ఒక్కో పోగు. గొర్రె చెవి కోసి గుర్తు పెట్టినట్టన్నమాట. మబ్బులో చల్లిన నలుసులు వానతో దిగి మట్టిని పట్టుకుంటాయి. ఇక వదలవు. పిడికెడు మట్టి తీసి పరికరంలో వేస్తే ఆ చేను ఎవరి మబ్బు తాగిందో పేరుతో సహా చెప్పేస్తుంది.

దాంతో మబ్బు దొంగల ఆట కట్టిందని పాలకులు పండగ చేసుకున్నారు. మేఘహక్కుల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద నడుస్తున్నదే ఈ కేసు. ముద్దాయి పేరు కంబగిరప్ప.

కంబగిరప్ప అరవై దాటిన కాపరి. ఎర్ర రుమాలు, ఈడ్చి వేసే ఎడమ కాలు, ఎవరినైనా చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూసే చూపు. ఎర్రమిట్ట రైతు సంఘం వాళ్ళ మబ్బొకటి సుడిగాలికి దడి తెంచుకుని తప్పిపోతే, దాన్ని తన మందలో కలుపుకుని ఎక్కడో కురిపించేశాడన్నది అతని మీద నేరం.

"నేను కలుపుకోల్యాదమ్మా, అదే వచ్చి కలిసింది" అన్నాడు మొదటి వాయిదాలోనే. "కలిసినదాన్ని తోసేస్తామా? మేపినా. సొంతదారులు వస్తారేమోనని చూసినా. ఎవురూ రాల్యా. అది బరువెక్కి అల్లాడతాంటే వానిచ్చినా."

"ఎక్కడ ఇచ్చావు?" అడిగారు జడ్జి గారు.

"అది మాత్రం చెప్పను."

పక్కనే ఉన్న మద్దిలేటి నుదురు కొట్టుకున్నాడు. కోర్టు యంత్రం తీసిన చీటీలో పేరు వచ్చిన పాపానికి ఈయన ఆ ముసలాయనకు ఉచిత వకీలయ్యాడు. ఆ రోజు నుంచీ వదిలించుకునే దారి వెతకడమే పని.

చిక్కెక్కడంటే, ముద్ర ఉన్న మట్టి చూపిస్తేనే దోషి అనాలని చట్టం. కురిసిన చోటు తెలియదు కాబట్టి మట్టి లేదు. మట్టి లేనిదే శిక్ష లేదు. అలాగని నేనే ఇచ్చానని ఒప్పుకున్నవాణ్ణి నిర్దోషి అనడానికీ లేదు. నోరు మూసుకుని కూర్చుంటే పొద్దు వాలేలోగా బయటపడే కేసును ముద్దాయే తన నోటితో ముళ్ళకంచె మీద వేసి పెట్టాడు.

"కంబగిరప్పా, కడసారి చెప్తున్నా" అన్నాడు మద్దిలేటి కోర్టు వరండాలో. "ఇంక మాట్లాడొద్దు. మబ్బు దానంతట అదే చెదిరిపోయిందని నేను వాదిస్తా."

"చెదరల్యా కద సామీ. నేనే ఇస్తి కదా."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. కోర్టుకెందుకు?"

"కోర్టుకు కాకపోతే ఇంగెవురికి తెల్సల్ల?"

"పోనీ, వాళ్ళే కేసు తీసేసుకునేటట్టు చేస్తా. సంతోషమా?"

"ఆ మాట మాత్రం అనొద్దు. తీసేస్తే నా కర్ర పోతాది. నీకు శానా తూర్లు చెప్పినా. నువ్వు ఇంటాండావా? మొదట్నుంచి చెప్తా, ఇను. మా తాత కాలంలో, ఇంగా గొర్రెలుండే కాలంలో..."

"నాకు తాత వద్దు! గొర్రెలు వద్దు!"

"అట్లయితే నువ్వే వద్దు. పో. నాకు వకీలు అక్కర్ల్యా."

కాసేపటికి అతనే రెండు టీ గ్లాసులు పట్టుకొచ్చి ఒకటి చేతిలో పెట్టాడు. "తాగు సామీ. కోపంలో అంటి. నువ్వు తప్ప నాకెవురుండారు?" వాయిదా వాయిదాకూ ఇదే తంతు. పొద్దున పనిలోంచి తీసేయడం, టీ వేళకు మళ్ళీ పెట్టుకోవడం.

కర్ర సంగతి మద్దిలేటికి తెలియక కాదు. కాపరుల కట్టుబాటు అది. తగువు పడిన కాపరి తన కర్రను పెద్దల దగ్గర పెట్టాలి. తప్పు లేదని తేలితే మేళం కొట్టి తిరిగి ఇస్తారు. తప్పు ఉందని తేలితే శిక్ష అనుభవించి వచ్చాక కాళ్ళు కడిగించి ఇస్తారు. ఏదీ తేలకుండా మధ్యలో ఆగిపోతే మాత్రం ఇవ్వరు. తగువు తెగనివాడి చేతికి మంద ఇవ్వకూడదని వాళ్ళ నమ్మకం. అంటే కంబగిరప్పకు కావలసింది విడుదల కాదు, తీర్పు. జైలుకు పంపినా సరే, నువ్వు ఫలానా అని ఒకరు చెప్పాలి. కర్ర లేకపోతే ఆ మనిషికి బతుకు లేదు. అన్నీ తెలిసి కూడా, వదిలేస్తే పోయే కేసును పట్టుకు వేలాడే మొండితనాన్ని చూస్తే మద్దిలేటికి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుండేది.

అర్జీలు పుచ్చుకునే కోర్టు యంత్రాన్ని అందరూ గుమాస్తా అనేవారు. మాట మహా తీపి. పని మహా చేదు.

"కారణం చెప్పండి" అంది గుమాస్తా.

"కక్షిదారు నా మాట వినడు."

"అది మొదటి అర్జీలో రాశారు. జడ్జి గారు తోసిపుచ్చారు."

"వాయిదాకోసారి నన్ను తీసేస్తాడు."

"మళ్ళీ పెట్టుకుంటున్నాడని రెండో అర్జీలో తేలింది. తోసిపుచ్చారు."

"నాకు విసుగొచ్చింది. ప్రాణం విసిగిపోయింది. రాసుకో."

"విసుగు కారణాల్లో లేదండీ. కోర్టు నియమించిన వకీలు కేసు వదలాలంటే ఆయన మేలూ కక్షిదారు మేలూ ఒకదానికొకటి ఎదురు తిరగాలి. లేదా వకీలు మరణించి ఉండాలి. రెండోది నమోదు చేయమంటారా?"

"నువ్వు యంత్రానివి కాబట్టి బతికిపోయావు."

"కృతజ్ఞతలు. అర్జీ పంపించాను."

ఆ అర్జీ తేలకముందే డాక్టర్ కృపావరం సాక్ష్యానికి వచ్చింది. కృష్ణ ఒడ్డు మనిషి. పొట్టిగా, చురుగ్గా, భుజాన ఒక సంచీ తగిలించుకుని ఉంది. ఆ సంచీలోనే పరికరం.

"మీ ముద్ర ఎన్నాళ్ళుంటుందండీ?" అడిగాడు రామకోటి.

"మనం పోయాక కూడా ఉంటుందండి."

"తప్పు చెప్పే అవకాశం?"

"లేదండి. పిడికెడు మట్టి ఇవ్వండి, ఆ చేను ఇన్నేళ్ళుగా ఎవరెవరి మబ్బులు తాగిందో వరసపెట్టి చదివేస్తుంది."

వరసపెట్టి అన్న మాటకు హాలులో కుర్చీలు కిర్రుమన్నాయి.

"అయితే ఎర్రమిట్ట మబ్బు ఎక్కడ కురిసిందో చెప్పండి."

"మట్టి ఏదండీ?" అందామె, చాలాకాలంగా మింగుతున్న విసుగు గొంతులోకి వచ్చేసింది. "పట్టాదారు ఒప్పుకుంటేనే మట్టి తియ్యాలని చట్టం రాశారు. చుట్టుపక్కల పట్టాదారులందరికీ నోటీసు పంపారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఒప్పుకోలేదు. ఇదొక్కటే కాదండి, ఈ చట్టం వచ్చాక ఏ కేసులోనూ నా చేతికి చిటికెడు మట్టి రాలేదు. పోల్చి చూసుకోడానికి ఫిర్యాదుదారుల మట్టయినా ఇమ్మన్నాను. వాళ్ళూ ఇవ్వనన్నారు."

జడ్జి గారు ఎర్రమిట్ట సంఘం పెద్ద వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "నేలంటే మాకు తల్లి లెక్క మేడం. తల్లి ఒంటి మీద గడ్డపార ఎట్ల ఎయ్యనిస్తాం?"

"నిరుడు బోరు కోసమని ఊరు ఊరంతా తూట్లు పొడిస్తిరి కదప్పా" అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి గాని తొందరగానే అణిగిపోయాయి. నవ్విన వాళ్ళకూ నోటీసులు వచ్చి ఉన్నాయి.

ఆ ఆదివారం మద్దిలేటి ఊరికి పోయాడు. గుండ్లవంక పక్కన ఉన్న చేను ఆయన పేరు మీదే ఉన్నా సేద్యం అంతా అక్క సుంకులమ్మది. చేలో శనగకాయ చెట్లు పచ్చగా, పాదమంత నేల కూడా కనిపించకుండా అల్లుకుని ఉన్నాయి. గట్టు మీద కూర్చుని జొన్నరొట్టె తింటూ ఆయన తన కష్టం అంతా వెళ్ళబోసుకున్నాడు. ఒక ముసలాయన, ఒక మబ్బు, తాత కాలం నాటి గొర్రెలు, అన్నీ.

సుంకులమ్మ రొట్టె తుంచడం ఆపింది. "ఎర్ర రుమాలు కడ్తాడా?"

"ఆఁ."

"ఎడమ కాలు ఈడుస్తాడా?"

"నీకెట్ల తెలుసు?"

"ఇత్తిన ఇత్తనం మాడిపోతాంటే చూడల్యాక ఈడనే నిలబడి ఏడుస్తాంటి. పైన మబ్బు తోలుకోని పోతాండె ఆయప్ప. కొంగు పట్టినా. అన్నా, ఒక్క పదును వాన ఇచ్చిపో అన్న్యా. ఇది నాది కాదమ్మా, మందలో కలిసింది అన్న్యాడు. కలిసిందైతే ఇంగా మేలు కదన్నా, అడిగేటోళ్ళు ఎవురూ ఉండరు అన్న్యా." ఆమె కళ్ళు దించుకుంది. "అది అల్లాడతా ఉండె. నా మొగం చూసినాడు, చేను చూసినాడు, ఇచ్చేసినాడు. పెరుగు బువ్వ పెడితి. తిని పోయినాడు."

మట్టి పరీక్ష నోటీసు మద్దిలేటికీ వచ్చింది. ఊరంతా 'వద్దు' నొక్కుతుంటే తనూ ఆలోచన లేకుండా అదే నొక్కాడు. తన కేసులో దొరకని సాక్ష్యం తన చేలోనే ఉంది, తను దాని మీదే కూర్చుని రొట్టె తింటున్నాడు!

"నేనే వచ్చి చెప్తాలేరా" అంది సుంకులమ్మ. "అడిగింది నేను. ఆయప్ప దొంగయితే నేనెవురు?"

"గమ్మునుండక్కా! పట్టా నా పేరు మీద ఉంది. దొంగ మబ్బు తాగినందుకు పంట సర్కారు పట్టుకుపోతుంది. నా మీద కేసు. నా నల్లకోటు గోవిందా."

"మరి ఆయప్ప కర్ర?"

ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు.

మర్నాడు వరండాలో కంబగిరప్పను ఒక మూలకు లాక్కుపోయాడు. "గుండ్లవంక చేను. అవునా?"

ముసలాయన పెదవి బిగించాడు. "నేను చెప్పల్యా."

"నువ్వు చెప్పలేదులే. ఆమె మా అక్క. పట్టా నాది."

కంబగిరప్ప రెప్ప వెయ్యకుండా చూశాడు. తర్వాత భుజాలు ఎగిరేలా నవ్వాడు. "ఓరి నీ పాసుగూల! అట్లయితే నువ్వు నా వాన తిన్నోడివా సామీ? పెరుగు మంచి పెరుగు పెట్టిందప్పా ఆయమ్మ."

"నవ్వకు! నీకు శిక్షే కావాలంటే ఇన్నాళ్ళూ ఆ చోటు పేరు చెప్తే అయిపోయేది కదా. ఎందుకు చెప్పలేదు?"

"అడిగినోళ్ళ పేరు చెప్పేటోడు కాపరి కాడు. ఒగరు ఆకలై చెయ్యి సాస్తారు. పెట్టి, మల్ల పోయి ఊర్లో చెప్పుకుంటామా?"

"మరి పేరు చెప్పవు, తీర్పు కావాలంటావు. ఎట్లా తెచ్చేది?"

"అది నీ పని. వకీలువి నువ్వా, నేనా?"

గుమాస్తా చెప్పిన కారణం ఇప్పుడు నిజంగానే దొరికింది. తీర్పు రావడం కంబగిరప్పకు మేలు. రాకుండా పోవడం తనకు మేలు. ఇంతకంటే ఎదురు ప్రయోజనం ఏ కోర్టూ చూసి ఉండదు. కానీ పైకి చెబితే కేసు వదలడం కాదు, కేసులో పడడం అవుతుంది. మద్దిలేటి జడ్జి గారి గదికి పోయి నిలబడ్డాడు.

"మేడం, ఈ కేసు వదలక తప్పని కారణం ఒకటి ఉంది. పైకి చెప్పలేను."

తస్లీమ్ గారు పెన్ను కింద పెట్టారు. "మొన్నటిదాకా సంచీ నిండా కారణాలు తెచ్చేవారు. ఇవాళ ఒక్కటే, అదీ చెప్పలేనిదా?"

"అవును మేడం."

"చెప్పకండి." ఆమె లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చారు. "మట్టి నోటీసు మా చీనీ తోటకూ వచ్చింది. నేను ఏం నొక్కానో మీరడగొద్దు. మీకెందుకు కుదరదో నేనడగను. ఆ కారణం చెల్లుతుందంటే ఈ కోర్టులో ముందు లేచి బయటికి పోవలసింది నేను. తర్వాత రామకోటి. ఆ తర్వాత మొక్కజొన్న వేసిన మా బంట్రోతు."

"అయితే నా అర్జీ?"

"పక్కన పెట్టాను. వచ్చే వాయిదాకు రామకోటి కేసు వెనక్కి తీసుకుంటాడు. మీకూ తప్పుతుంది, నాకూ తప్పుతుంది. ఒక్క వాయిదా ఓపిక పట్టండి."

బయటికి వస్తుంటే ఆయనకు హాయిగా ఉండాలి. ఉండలేదు. చెప్పులో రాయి పడినట్టుంది.

ఆ వాయిదా రానే వచ్చింది. హాలు నిండా జనం. సాక్ష్యం దొరకనందున సర్కారు కేసును ఉపసంహరించుకుంటోందని రామకోటి గడగడా చదివాడు. ఎర్రమిట్ట పెద్ద గబగబా తలూపాడు.

"ముద్దాయి తరఫు అభ్యంతరం?" అన్నారు జడ్జి గారు, లేదన్న మాటను అప్పుడే రాసుకుంటూ.

బోనులోంచి కంబగిరప్ప చెయ్యెత్తాడు. "అమ్మా, అంటే నేను దొంగనా, కాదా?"

"అది తేలలేదు."

"ఎప్పుడు తేల్తాది?"

"ఇక తేలదు. నువ్వు ఇంటికి పోవచ్చు."

"ఇంటికి పోయి ఏం చెయ్యల్లమ్మా?" అన్నాడతను. గట్టిగా అనలేదు. ఎవరినీ చూడలేదు. బోను చెక్కను పట్టుకున్న తన చేతినే చూసుకున్నాడు. వేళ్ళు దానిచుట్టూ కర్రను పట్టినట్టే బిగిసి ఉన్నాయి.

లేదు అన్న రెండక్షరాల మాట. అంటే చాలు, మద్దిలేటి ఇన్ని నెలలుగా మొక్కుతున్న మొక్కు తీరుతుంది. ఆయన లేచాడు. నోరు తెరిచాడు. ఇంతకాలం ఈ ముసలాయన మీద, ఆ గుమాస్తా మీద, జడ్జి మీద, అక్క మీద పెంచుకున్న విసుగంతా ఒక్కసారి తిరిగొచ్చి తన మీదే వాలింది.

"ఛీ" అన్నాడు.

"ఏమన్నారు?"

"మిమ్మల్ని కాదు మేడం. అభ్యంతరం ఉంది. మట్టి ఉంది."

హాలంతా తేలు కుట్టిన దొంగల సభలా బిగుసుకుపోయింది.

"ఎవరి మట్టి?" అన్నాడు రామకోటి. అడిగాక నాలుక కరుచుకున్నాడు.

"నాది. గుండ్లవంక పక్క చేను. ఆ మబ్బు నా చేలో కురిసింది. ఈయన దొంగతనంగా దించలేదు. మావాళ్ళు కొంగు పట్టి అడుక్కుంటే ఇచ్చాడు. పరీక్షకు ఒప్పుకుంటున్నా. దోషి అనండి, కాదనండి. ఆయనకు తీర్పు ఇవ్వండి."

ఇన్నాళ్ళూ మట్టి కోసం నోటీసులు పంపిన సర్కారు వకీలు ముఖంలో సంతోషం లేకపోగా నెత్తురు చుక్క కూడా లేదు. ఒక్క చేను మట్టి చదివితే అందులో నాలుగైదు ఊళ్ళ ముద్రలు బయటపడతాయి. మీ మబ్బు ఇక్కడెందుకు పడింది, మరి ఆ ఏడు మీ చేను ఎవరి మబ్బు తాగింది అని ఆ ఊళ్ళనూ అడగాలి. అల్లిక బుట్టలో ఒక్క పుల్ల లాగితే ఆగేదెక్కడ?

జడ్జి గారికి అందరికంటే ముందు తెలివొచ్చింది.

"మద్దిలేటి గారూ, కేసు వదలడానికి మీరు పెట్టిన అర్జీ నా దగ్గరుంది. ఇదిగో, ఈ క్షణమే మంజూరు చేస్తున్నాను. మీరు ఇక ఈ కేసులో వకీలు కారు. వకీలు కాని మనిషి చేసిన వాదన రికార్డుకు ఎక్కదు. గుమాస్తా, ఆయన మాటలన్నీ కొట్టెయ్."

"కొట్టేశాను మేడం" అంది గుమాస్తా. "మద్దిలేటి గారూ, అభినందనలు. మీ కోరిక నెరవేరింది."

ఇన్ని నెలలు కాళ్ళావేళ్ళా పడితే దక్కనిది, వద్దనుకున్న నిమిషానికి దక్కింది. మద్దిలేటి నల్లకోటు విప్పి, మడిచి, బల్ల మీద పెట్టాడు. నడుచుకుంటూ బోను దగ్గరికి పోయి, చెక్క తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి కంబగిరప్ప పక్కన నిలబడ్డాడు.

"వకీలును కానన్నారు. సరే. ముద్దాయినవుతా. దొంగ మబ్బు తాగిన పట్టాదారును. రాసుకోండి నా మీద కేసు."

"మాకు అక్కర్లేదు!" అని అరిచాడు రామకోటి.

"నాకు కావాలండి!" వెనక బెంచీ నుంచి డాక్టర్ కృపావరం లేచి నిలబడింది. ఒక చేత్తో సంచీ తాళ్ళు విప్పేస్తోంది. "పట్టాదారు నిండు కోర్టులో ఒప్పుకున్నాక పరీక్ష ఆపే హక్కు ఎవరికీ లేదండి. చట్టంలో ఆ వాక్యం నేనే పట్టుబట్టి రాయించాను. బండి బయటే ఉంది. గుండ్లవంక ఎటు పోవాలండీ?"

"అంత తొందర పడకండమ్మా" అన్నారు తస్లీమ్ గారు కణతలు నొక్కుకుంటూ. కాదనడానికి దారి వెతికారు, దొరకలేదు. "కొత్త ముద్దాయికి ముందు వకీలును నియమించాలి. అదైనా పద్ధతిగా జరగాలి. గుమాస్తా, చీటీ తియ్యి."

గుమాస్తా మామూలుకంటే కొంచెం ఎక్కువసేపు ఆలోచించింది.

"తీయడానికి పేర్లు లేవు మేడం."

"అదేంటి? హాలు నిండా వకీళ్ళేగా?"

"ఉన్నారు మేడం. కానీ ఈ బారులో ఉన్న వకీళ్ళందరూ ఈ నిమిషంలోనే, నియమించకముందే, ఈ కేసు వదలడానికి అనుమతి కోరుతూ అర్జీలు పంపారు."

"కారణం?"

"అందరిదీ ఒకటే మేడం. పైకి చెప్పలేనిది అని రాశారు."

ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. నల్లకోట్ల వరసలన్నీ తమ తమ పలకల్లో ఏదో అతి ముఖ్యమైనది చదువుకుంటున్నాయి.

కంబగిరప్ప ఆ వరసల్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా, తుమ్మెదల దడి లోపల మబ్బును చూసుకున్నంత నిదానంగా చూశాడు. తర్వాత మద్దిలేటిని మోచేత్తో పొడిచాడు.

"రవ్వంత జరిగి నిలబడు సామీ. ఇంగా శానామంది వచ్చేటట్టుండారు."